‘నేను కూర్చున్న కుర్చీ’లో మాయమైన ‘ఆన్’: ఇంగ్లీష్ రిలేటివ్ క్లాజుల్లో క్రియ, ప్రిపొజిషన్, సర్వనామం పొసగేదెలా

“నువ్వు తాడు కోసిన కత్తి ఎక్కడ పెట్టావ్?” అని అడిగితే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. కానీ ఆ మాటను ఒక్క క్షణం ఆపి చూడండి. కత్తిని ఎవరూ కోయలేదు. కత్తితో తాడు కోశారు. ఆ “తో” ఎటు పోయింది? “నేను కూర్చున్న కుర్చీ”లో “మీద” కనిపించదు. “నేను ఉంటున్న ఇల్లు”లో “లో” లేదు. “నేను వచ్చిన ఊరు” అన్నామంటే ఆ ఊరి నుంచి వచ్చామో, ఆ ఊరికి వచ్చామో సందర్భాన్ని బట్టి వినేవాళ్ళే తేల్చుకోవాలి.

కోసిన, కూర్చున్న, వచ్చిన లాంటి క్రియాజన్య విశేషణాలు విభక్తిని మింగేస్తాయి. తెలుగులో అది లోపం కాదు, సౌలభ్యం. ఇంగ్లీషుకు మాత్రం ఆ అలవాటు లేదు. అక్కడ ప్రిపొజిషన్ (ఇన్, ఆన్, విత్ లాంటి చిన్న మాట) రిలేటివ్ క్లాజులో, అంటే ఒక నామవాచకాన్ని వర్ణించే చిన్న వాక్యంలో, ఎక్కడో ఒకచోట నిలబడి తీరాలి. మనం తెలుగులో ఆలోచించి “ద హౌస్ విచ్ ఐ లివ్” అనేస్తాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే రాశాను. ఉద్యోగాలకు పంపిన దరఖాస్తుల్లో “ద ప్రాజెక్ట్ విచ్ ఐ వర్క్‌డ్” అని ధీమాగా పెట్టేవాణ్ణి. చదివినవాళ్ళకు అర్థమయ్యేది కాబట్టి ఎవరూ దిద్దలేదు. తప్పు అంతకాలం బతికిపోవడానికి అదే కారణం.

మనుషులకు హూ, వస్తువులకు విచ్ అని బడిలో చెప్పిన సూత్రం ఈ రోగానికి మందు కాదు. అసలు చిక్కు సర్వనామం దగ్గర కన్నా క్రియ దగ్గరే ఎక్కువ. అందుకే క్రియతోనే మొదలుపెడదాం.

మొదటి అడుగు: ‘ఏ–ఆ’ వాక్యంగా విప్పండి

తెలుగులో ఇదే భావాన్ని చెప్పే రెండో దారి ఒకటుంది. రోజూ వాడం గానీ అందరికీ తెలిసిందే. “నేను ఉంటున్న ఇల్లు” అనే బదులు “నేను ఏ ఇంట్లో ఉంటున్నానో ఆ ఇల్లు” అనొచ్చు. “తాడు కోసిన కత్తి” కాస్తా “ఏ కత్తితో తాడు కోశానో ఆ కత్తి” అవుతుంది. ఇలా విప్పగానే మింగేసిన విభక్తి పైకి వస్తుంది: ఇంట్లో, కత్తితో, ఏ ఊరి నుంచి, ఎవరి కోసం.

ఇంగ్లీష్ వాక్యం రాసే ముందు మనసులో ఈ పని చేయండి. మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది. రెండు వారాలు చేశాక విప్పకుండానే విభక్తి వినపడడం మొదలవుతుంది. ‘తో’, ‘లో’, ‘కి’, ‘నుంచి’, ‘మీద’, ‘గురించి’, ‘కోసం’లలో ఏదైనా బయటపడిందంటే అక్కడ ప్రిపొజిషన్ అవసరం ఉండొచ్చు. ఉండొచ్చు అనే అంటున్నాను, ఉంటుందని కాదు. తేల్చేది రెండో అడుగు.

రెండో అడుగు: ఇంగ్లీష్ క్రియనే అడగండి

తెలుగు విభక్తిని నేరుగా ప్రిపొజిషన్‌గా మార్చేస్తే గోతిలో పడతాం. “ఏ విషయం గురించి చర్చించామో” అంటాం కాబట్టి “ద టాపిక్ వుయ్ డిస్కస్డ్ అబౌట్” అని రాస్తాం. కానీ డిస్కస్ అనే క్రియకు అబౌట్ అక్కర్లేదు. “వుయ్ డిస్కస్డ్ ఇట్”, అంతే. కాబట్టి “ద టాపిక్ వుయ్ డిస్కస్డ్”. అదే టాక్ అయితే “వుయ్ టాక్‌డ్ అబౌట్ ఇట్”, కాబట్టి “ద టాపిక్ వుయ్ టాక్‌డ్ అబౌట్”. తెలుగులో రెండిటికీ ‘గురించి’ ఉంది. ఇంగ్లీషులో ఒకదానికే ఉంది.

అందుకే రిలేటివ్ క్లాజ్ రాసే ముందు ఆ క్రియతో ఒక మామూలు పొట్టి వాక్యం రాసుకోండి. చివర ఇట్, హిమ్, హర్, దెమ్‌లలో ఒకటి పెట్టండి. “ఐ లివ్ ఇన్ ఇట్.” “ఐ కట్ ద రోప్ విత్ ఇట్.” “ఐ శాట్ ఆన్ ఇట్.” “ఐ మ్యారీడ్ హర్.” క్రియకూ ఇట్‌కూ మధ్య ఏముందో అదే మీకు కావలసిన సరుకు. ఏమీ లేకపోతే రిలేటివ్ క్లాజులోనూ ఏమీ ఉండదు.

మనవాళ్ళు లేని ప్రిపొజిషన్ తగిలించే క్రియలు కొన్ని పదే పదే వస్తాయి. డిస్కస్, రీచ్, మ్యారీ, కాంటాక్ట్, రిజెంబుల్, విజిట్ ఆ కోవలోవి. ఎంటర్ కూడా, గదిలోకో భవనంలోకో వెళ్ళే అర్థంలో. “అతన్ని పోలిన మనిషి”కి “ఎ మ్యాన్ హూ రిజెంబుల్స్ హిమ్” సరిపోతుంది, మధ్యలో టు రాదు.

దీనికి తిరగబడ్డ జాబితా ఇంకా పెద్దది. తెలుగులో కర్మ నేరుగా వస్తుంది, ఇంగ్లీషులో మాత్రం ప్రిపొజిషన్ లేనిదే పని జరగదు. పాట విన్నాం: లిజన్ టు. తాళం వెతికాం: లుక్ ఫర్. బొమ్మ చూశాం: లుక్ ఎట్, సీ అయితే అక్కర్లేదు. ఇక్కడ “ఏ–ఆ” చిట్కా కూడా చేతులెత్తేస్తుంది. “ఏ పాట విన్నానో ఆ పాట”లో విభక్తి జాడే లేదు. అందుకే “ద సాంగ్ ఐ లిజెన్డ్” అనే వాక్యం అంత తేలిగ్గా నోట్లోంచి జారిపోతుంది. “ద సాంగ్ ఐ లిజెన్డ్ టు” అనాలి. హియర్ వాడితే “ద సాంగ్ ఐ హర్డ్” చాలు.

క్రియను ఒంటరిగా గుర్తుపెట్టుకోకండని నేను పట్టుబట్టేది ఇందుకే. “లిజన్ అంటే వినడం” అని రాసుకున్నవాడికి రిలేటివ్ క్లాజులో కష్టాలు తప్పవు. “లిజన్ టు ఇట్” అని రాసుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది.

క్రియలే కాదు, కొన్ని విశేషణాలకూ సొంత ప్రిపొజిషన్లున్నాయి. కుక్కకు భయపడతాం, ఇంగ్లీషులో అది “అఫ్రెయిడ్ ఆఫ్”. “నేను భయపడే కుక్క”కు “ద డాగ్ ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్” అనాలి. గుడ్‌కు ఎట్, యూజ్డ్‌కు టు. పద్ధతి అదే: “ఐ యామ్ గుడ్ ఎట్ ఇట్”, కాబట్టి “ద సబ్జెక్ట్ ఐ యామ్ గుడ్ ఎట్”.

కాసేపు ‘అడిగిన’ దగ్గర ఆగుదాం

ప్రిపొజిషన్ మారితే అర్థం ఎంత మారుతుందో చూడడానికి “అడిగిన”ను మించిన మాట దొరకదు. నేను అడిగిన ప్రశ్న, నేను అడిగిన పుస్తకం, నేను అడిగిన మనిషి. తెలుగులో మూడింటికీ ఒకే అచ్చు. ఇంగ్లీషులో విప్పి చూస్తే మూడూ వేర్వేరు.

ప్రశ్నను అడిగాను: “ఐ ఆస్క్‌డ్ ఇట్”. కాబట్టి “ద క్వశ్చన్ ఐ ఆస్క్‌డ్”. పుస్తకం ఇవ్వమని అడిగాను: “ఐ ఆస్క్‌డ్ ఫర్ ఇట్”. కాబట్టి “ద బుక్ ఐ ఆస్క్‌డ్ ఫర్”. ఇక్కడ ఫర్ వదిలేస్తే పుస్తకాన్నే పట్టుకుని ప్రశ్నలడిగినట్టు ఉంటుంది. మనిషి సంగతి ఇంకా తమాషా. ఆ మనిషినే అడిగితే “ద మ్యాన్ ఐ ఆస్క్‌డ్”. ఆ మనిషి గురించి వేరేవాళ్ళను అడిగితే “ద మ్యాన్ ఐ ఆస్క్‌డ్ అబౌట్”. ఆ మనిషిని పిలవమంటే, అతనే కావాలంటే “ద మ్యాన్ ఐ ఆస్క్‌డ్ ఫర్”. తెలుగులో “నేను అడిగిన మనిషి” ఈ మూడు భారాలనూ మోస్తుంది.

హియర్ కూడా ఇంతే. “ద సింగర్ ఐ హర్డ్” అంటే ఆమె పాట చెవులారా విన్నాను. “ద సింగర్ ఐ హర్డ్ ఆఫ్” అంటే అలాంటి గాయని ఒకామె ఉందని తెలిసింది. “ద సింగర్ ఐ హర్డ్ ఫ్రమ్” అంటే ఆమె దగ్గర నుంచి ఉత్తరమో, ఫోనో, సందేశమో వచ్చింది. ఇలాంటి చోట్ల ప్రిపొజిషన్ పోతే వ్యాకరణంతో పాటు చెప్పదలుచుకున్న విషయమే పోతుంది.

మూడో అడుగు: ఇట్‌ను తీసేయండి, ప్రిపొజిషన్‌ను ముట్టుకోకండి

రెండో అడుగులో రాసుకున్న ఇట్, హిమ్ కొలత కోసం పెట్టుకున్నవి. రిలేటివ్ క్లాజులో వాటి చోటు ఖాళీగా ఉండాలి. “ద మ్యాన్ హూ ఐ టాక్‌డ్ టు హిమ్” తప్పు. హూ వచ్చాక హిమ్‌కు పని లేదు, ఇద్దరూ ఒకే మనిషి. “ద మ్యాన్ హూ ఐ టాక్‌డ్ టు” దగ్గర ఆపేయండి. టు తర్వాత ఏదో వెలితిగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

ఈ తప్పు వెనకా మన “ఏ–ఆ” వాక్యమే ఉందని నా అనుమానం. “ఎవరితో మాట్లాడానో అతను” అన్నప్పుడు మనిషి రెండుసార్లు వస్తాడు, ఒకసారి ఎవరుగా, ఒకసారి అతనుగా. ఇంగ్లీషులోనూ ఆ రెండో మనిషిని దింపాలని చూస్తాం.

కర్మలు రెండున్న క్రియల దగ్గర ఖాళీ ఎక్కడ వచ్చిందో జాగ్రత్తగా చూడాలి. ఎక్స్‌ప్లెయిన్‌ను తీసుకోండి. “ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ద సమ్ టు ద బాయ్”. లెక్క గురించి చెబుతుంటే లెక్క చోటు ఖాళీ అవుతుంది: “ద సమ్ ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ టు ద బాయ్”. కుర్రాడి గురించి చెబుతుంటే టు తర్వాత ఖాళీ: “ద బాయ్ ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ద సమ్ టు”. “ద బాయ్ ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ద సమ్” అంటే బండి సగం దారిలో ఆగిపోయినట్టే.

నాలుగో అడుగు: చివరా, ముందా?

ప్రిపొజిషన్‌కు రెండు చోట్లున్నాయి. ఒకటి దాని సొంత చోటు, అంటే క్రియ పక్కన, చాలాసార్లు క్లాజ్ చివర. రెండోది క్లాజ్ మొదట్లో, సర్వనామానికి ముందు. ఏ చోటు ఎంచుకున్నారో దాన్ని బట్టి సర్వనామం మారుతుంది. ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలరంటే ఇది గుర్తుంచుకోండి.

చివర ఉంచితే స్వేచ్ఛ ఎక్కువ. కింద నాలుగూ ఒప్పే:

“ద ఉమన్ హూ ఐ టాక్‌డ్ టు”
“ద ఉమన్ హూమ్ ఐ టాక్‌డ్ టు”
“ద ఉమన్ దట్ ఐ టాక్‌డ్ టు”
“ద ఉమన్ ఐ టాక్‌డ్ టు”

చివరిదే మాటల్లో ఎక్కువ వినిపిస్తుంది. రెండోది వ్యాకరణానికి సరైనదే గానీ పట్టుచీర మీద స్పోర్ట్స్ షూ వేసుకున్నట్టుంటుంది. హూమ్ అంత పద్ధతిగా ఉన్నప్పుడు టు చివర ఊగుతుండడం నప్పదు.

ముందుకు తెస్తే ఒకటే దారి: “ద ఉమన్ టు హూమ్ ఐ టాక్‌డ్”. వస్తువైతే “ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్”. ప్రిపొజిషన్ వెంటనే దట్ రాదు, కాబట్టి “ద హౌస్ ఇన్ దట్ ఐ లివ్” తప్పు. ప్రిపొజిషన్ వెనక సర్వనామాన్ని వదిలేయడమూ కుదరదు, “ద హౌస్ ఇన్ ఐ లివ్” అని ఎవరూ అనరు. “టు హూ” కూడా కాదు, హూమే కావాలి. అంటే ముందుకు తెచ్చారంటే మిగిలేవి మనుషులకు హూమ్, మిగతావాటికి విచ్.

మధ్యేమార్గంగా రెండు చోట్లా పెట్టేవాళ్ళున్నారు: “ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్ ఇన్”. ఒక ప్రిపొజిషన్‌కు రెండు కుర్చీలు అక్కర్లేదు. వాక్యం పొడవైతే ముందు పెట్టింది మరిచిపోయి చివర మళ్ళీ పెడుతుంటాం. రాసినదాన్ని దిద్దుకునేటప్పుడు “ఇన్ విచ్”, “టు హూమ్” కనిపించిన ప్రతిచోటా క్లాజ్ చివరిదాకా వేలు పెట్టి వెతకండి.

సర్వనామాన్ని వదిలేసే స్వేచ్ఛ అది కర్త కానప్పుడే ఉంటుంది. “ద బస్ దట్ కేమ్ లేట్”లో దట్టే కర్త, తీసేస్తే వాక్యం కూలిపోతుంది.

వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని మీకెవరైనా చెప్పి ఉంటారు. ఆ మాటకు మూడు వందల ఏళ్ళు దాటాయి. 1672లో ఇంగ్లీష్ కవి జాన్ డ్రైడెన్ తనకు ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో ఈ అలవాటును తప్పుపట్టాడు. తన పాత రచన ఒకదాన్ని 1684లో మళ్ళీ అచ్చువేసేటప్పుడు చివర పడిన ప్రిపొజిషన్లను వెతికి మరీ సర్దుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన బిషప్ రాబర్ట్ లౌత్ ఇంత పట్టింపు చూపలేదు. మాటల్లో ఈ వాడుకే ఎక్కువ, గంభీరమైన రచనకు ముందు పెట్టడం అందం అన్నాడు. ఇంగ్లీష్ భాషకు ఈ వాడుక మీద మొగ్గు ఎక్కువ అని చెప్పిన ఆ వాక్యంలోనే ఆయన టు అనే ప్రిపొజిషన్‌ను చివర వదిలాడు. కావాలనే వదిలాడని నేననుకుంటాను. నా మాటకొస్తే, మాట్లాడేటప్పుడూ ఈమెయిల్లోనూ చివరే ఉంచండి. పరిశోధన పత్రంలో, అధికారిక లేఖలో ముందు పెట్టండి. రెండూ సరైన ఇంగ్లీషే.

ఐదో అడుగు: ముందుకు లాగితే తెగిపోయే క్రియలు

“షీ టర్న్‌డ్ డౌన్ ది ఆఫర్” అంటే ఆ అవకాశాన్ని కాదంది. ఇందులో డౌన్‌ను ప్రిపొజిషన్ అనుకుని “ది ఆఫర్ డౌన్ విచ్ షీ టర్న్‌డ్” అని రాస్తే చదివేవాళ్ళు బిత్తరపోతారు. ఇక్కడ డౌన్ క్రియలో భాగం. ఊడదీస్తే టర్న్ మిగులుతుంది, దానికి తిరగడమే తప్ప తిరస్కరించడం అనే అర్థం ఉండదు.

కనిపెట్టడం తేలిక. మళ్ళీ ఇట్‌నే పిలవండి. “టర్న్ ఇట్ డౌన్” అంటాం, ఇట్ మధ్యలో దూరింది. “లుక్ ఎట్ ఇట్” అంటాం, ఇట్ చివరే ఉంది. మధ్యలో దూరిందంటే ఆ చిన్న మాట క్రియకు అతుక్కుపోయిందని అర్థం, దాన్ని ముందుకు తేకూడదు. త్రో అవే, గివ్ అప్, బ్రింగ్ అప్, ఫిల్ ఇన్ ఇలాంటివే. “ద ఫామ్ ఐ ఫిల్డ్ ఇన్” సరే, “ద ఫామ్ ఇన్ విచ్ ఐ ఫిల్డ్” కాదు.

ఈ పరీక్షకు కూడా మినహాయింపులున్నాయి. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, “లుక్ ఆఫ్టర్ ఇట్” అంటాం, ఇట్ చివరే ఉంది. అయినా “ద చైల్డ్ ఆఫ్టర్ హూమ్ షీ లుక్స్” కృత్రిమంగా ఉంటుంది. కమ్ అక్రాస్ (అనుకోకుండా తారసపడడం) అంతే. రెండు మాటలు కలిసి కొత్త అర్థం పుట్టిందంటే విడదీయకపోవడమే క్షేమం. డిపెండ్ ఆన్, రిఫర్ టు, బిలాంగ్ టు లాంటి వాటిలో క్రియ అర్థం క్రియదే, కాబట్టి “ద పీపుల్ ఆన్ హూమ్ వుయ్ డిపెండ్” హాయిగా నడుస్తుంది.

మూడు ముక్కల క్రియలు ఇంకా మొండివి. పుట్ అప్ విత్ అంటే భరించడం. “ద నాయిజ్ ఐ పుట్ అప్ విత్” సహజం. చివరి ప్రిపొజిషన్ మీద ఆంక్షను వెక్కిరిస్తూ “అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్” అనే చమత్కారం ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. చర్చిల్ అన్నాడని చెబుతారు, ఆయన అన్నట్టు గట్టి ఆధారం లేదు. ఎవరన్నా గానీ బాగా అన్నారు.

తప్పక ముందు పెట్టాల్సినవి

దీనికి ఉల్టా కేసులు కొన్నే. డ్యూరింగ్ చివర నిలబడలేదు: “ద మీటింగ్ డ్యూరింగ్ విచ్ హీ స్లెప్ట్” అనాలి. ఎక్స్‌టెంట్ (మేర), ఈజ్ (సులువు) లాంటి నామవాచకాలకు కట్టుడు జంటలున్నాయి: “ది ఎక్స్‌టెంట్ టు విచ్”, “ది ఈజ్ విత్ విచ్”. వీటిని సామెతల్లా కంఠతా పట్టేయడమే, తర్కం అడగకండి.

వేర్ ఉంటే ఇన్ ఎందుకు?

వేర్ అనే మాట కడుపులోనే “ఇన్ విచ్”, “ఎట్ విచ్” ఉన్నాయి. అందుకే “ద హౌస్ వేర్ ఐ లివ్” సరిపోతుంది, చివర ఇన్ కలిపితే ఎక్కువైపోతుంది. విచ్ వాడితే ఇన్ కావాలి, వేర్ వాడితే వద్దు.

స్థలం కనపడగానే వేర్ పెట్టేయడం ఇంకో అలవాటు. “ద టౌన్ వేర్ ఐ విజిటెడ్” అనొద్దు. విజిట్‌కు ఊరే నేరుగా కర్మ: “ఐ విజిటెడ్ ఇట్”. కాబట్టి “ద టౌన్ ఐ విజిటెడ్”. “ఐ గ్రూ అప్ దేర్” అంటాం కాబట్టి “ద టౌన్ వేర్ ఐ గ్రూ అప్”. పొట్టి వాక్యంలో ఇట్ వస్తే విచ్, దేర్ వస్తే వేర్.

కాలం దగ్గర ఇంగ్లీషు కూడా మనలాగే మెత్తబడుతుంది. “ద డే ఆన్ విచ్ వుయ్ మెట్” అనొచ్చు, “ద డే వెన్ వుయ్ మెట్” అనొచ్చు, ఏమీ లేకుండా “ద డే వుయ్ మెట్” అనీ అనొచ్చు. అచ్చం “మనం కలిసిన రోజు” లాగే ప్రిపొజిషన్ మాయం. “ద రీజన్ ఐ కేమ్” కూడా ఇలాగే. ప్లేస్ అనే మాటతో “ద ప్లేస్ ఐ లివ్” అని మాటల్లో వినిపిస్తుంది. అది విని హౌస్‌కు, రూమ్‌కు అంటగట్టొద్దు.

“అతను మాట్లాడే తీరు”కు “ద వే హౌ హీ స్పీక్స్” అని రాసేవాళ్ళను రోజూ చూస్తాను. వే, హౌ పక్కపక్కన ఇమడవు. “ద వే హీ స్పీక్స్” చాలు, హుందాగా కావాలంటే “ద వే ఇన్ విచ్ హీ స్పీక్స్”.

కామా పడ్డాక మారే లెక్క

ఎవరో, ఏదో ముందే తెలిసిపోయి, దాని గురించి అదనంగా చెబుతున్నప్పుడు కామా పెడతాం. కామా తర్వాత దట్ వాడకూడదు, సర్వనామాన్ని వదిలేయనూ కూడదు. “మై మదర్, టు హూమ్ ఐ ఓ ఎవ్రీథింగ్” అనాలి. “మై మదర్, హూ ఐ ఓ ఎవ్రీథింగ్ టు” అన్నా సరే.

ఇక్కడ మనవాళ్ళ ప్రత్యేకమైన తప్పు వేరే ఉంది. “నాకు ముగ్గురు అక్కలు, వాళ్ళలో ఇద్దరు డాక్టర్లు” అనేది తెలుగులో చక్కటి వాక్యం. దాన్ని ఉన్నదున్నట్టు దించితే “ఐ హావ్ త్రీ సిస్టర్స్, టూ ఆఫ్ దెమ్ ఆర్ డాక్టర్స్” అవుతుంది. రెండు పూర్తి వాక్యాలను ఒక్క కామాతో అతికించడం ఇంగ్లీషులో చెల్లదు. దెమ్ తీసి హూమ్ పెట్టండి: “త్రీ సిస్టర్స్, టూ ఆఫ్ హూమ్ ఆర్ డాక్టర్స్”. వస్తువులైతే “సమ్ ఆఫ్ విచ్”, “మోస్ట్ ఆఫ్ విచ్”. ఒక్క మాట మార్పుతో వాక్యం నిలబడుతుంది.

హూజ్‌ది ఇదే దారి. “వాళ్ళ తమ్ముడితో నేను పనిచేసే అమ్మాయి” అన్నప్పుడు ‘వాళ్ళ’ను హర్‌గా దించకండి. “ద గర్ల్ హూజ్ బ్రదర్ ఐ వర్క్ విత్”. విత్ ఇక్కడా వదలకూడదు. దాన్ని ముందుకు తేవాలంటే హూజ్ బ్రదర్ మొత్తాన్ని వెంట తేవాలి: “ద గర్ల్ విత్ హూజ్ బ్రదర్ ఐ వర్క్”.

హూమ్ వాడితే చదువుకున్నవాళ్ళలా కనిపిస్తామని ప్రతిచోటా పెట్టేవాళ్ళున్నారు. “ద మ్యాన్ హూమ్ ఐ థింక్ కాల్డ్ యు” తప్పు. ఐ థింక్‌ను వేలితో మూసి చదవండి, ఫోన్ చేసింది అతనే, అతనే కర్త, హూ ఉండాలి.

రాయడానికి ఏమీ లేదు

క్లాజ్ లేకుండా టు వేసి చెప్పే పొట్టి రూపంలోనూ ప్రిపొజిషన్ మనల్ని వదలదు. “రాయడానికి ఏమీ లేదు” అని ఎవరైనా అంటే దానికి మూడు అర్థాలుండొచ్చు. పెన్ను లేదు: “ఐ హావ్ నథింగ్ టు రైట్ విత్”. కాగితం లేదు: “నథింగ్ టు రైట్ ఆన్”. విషయం లేదు: “నథింగ్ టు రైట్ అబౌట్”. తెలుగులో అన్నవాడి చేతివైపు చూసి తేల్చుకుంటాం. ఇంగ్లీషులో చివరి మాటే ఆ చెయ్యి.

కూర్చోడానికి కుర్చీ అంటే “ఎ చెయిర్ టు సిట్ ఆన్”. హుందాగా “ఎ చెయిర్ ఆన్ విచ్ టు సిట్” కూడా ఉంది. “ఎ చెయిర్ విచ్ టు సిట్ ఆన్” మాత్రం లేదు. ఈ పొట్టి రూపంలో విచ్ కావాలంటే ప్రిపొజిషన్‌ను ముందు కూర్చోబెట్టాల్సిందే. “టు సిట్ ఆన్ ఇట్” అని ఇట్‌ను మళ్ళీ పిలవకండి.

ఒక వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా

“నిన్న మనం మాట్లాడుకున్న, నేను దరఖాస్తు చేసిన ఉద్యోగం నాకు వచ్చింది.” దీన్ని కట్టి చూద్దాం.

ముందు విప్పుదాం. ఏ ఉద్యోగం గురించి మాట్లాడుకున్నామో, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశానో. రెండు విభక్తులు బయటపడ్డాయి, ‘గురించి’, ‘కి’. ఇప్పుడు క్రియల్ని అడుగుదాం. “వుయ్ టాక్‌డ్ అబౌట్ ఇట్.” “ఐ అప్లైడ్ ఫర్ ఇట్.” తెలుగు ‘కి’ చూసి టు రాయబోయిన చెయ్యి ఇక్కడ ఆగుతుంది. “అప్లై టు” అంటే ఉద్యోగమిచ్చే సంస్థకు, “అప్లై ఫర్” అంటే ఉద్యోగానికి. ఇట్‌లు రెండూ తీసేశాం. అబౌట్, ఫర్ చివరే ఉంటాయి, ఎందుకంటే ఇది ఇద్దరు స్నేహితుల మాట.

రెండు క్లాజుల్నీ ఉద్యోగం మీదే వేలాడదీస్తే “ద జాబ్ వుయ్ టాక్‌డ్ అబౌట్ యెస్టర్‌డే దట్ ఐ అప్లైడ్ ఫర్” అని నత్తనడక నడుస్తుంది. తెలుగులో విశేషణాలు ఎన్నైనా వరుసగా పేర్చుకోవచ్చు, ఇంగ్లీషుకు ఒకటి ముద్దు. నేనైతే ఇలా విడగొడతాను: “ఐ గాట్ ద జాబ్ వుయ్ టాక్‌డ్ అబౌట్ యెస్టర్‌డే, ద వన్ ఐ అప్లైడ్ ఫర్.” ఇదే విషయం పాత యజమానికి లేఖలో రాయాలంటే ఫర్ ముందుకొస్తుంది, దాంతో విచ్ కూడా: “ద పొజిషన్ ఫర్ విచ్ ఐ అప్లైడ్”.